గాలి కమాను

"ఈ సీజను దాటదు," అంది కళ్ళ డాక్టరు.

తమ్ముడు కుర్చీలో ముందుకు వంగి, "సీజనంటే వానలు మొదలయ్యేదాకానా డాక్టరుగారూ, వానలు వెళ్ళిపోయేదాకానా?" అని అడిగాడు. లారీ టార్పాలిన్ ఎప్పటికి కావాలని గిరాకీని అడిగే గొంతుతోనే అడిగాడు.

ఆవిడ బల్ల మీదున్న చిన్న టార్చిలైటు వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించింది. "నేను దేవుణ్ణి కాదు," అంది చివరికి. ఎవరైనా ఆ మాటంటే నాకు ఏమనాలో తోచదు. ఆయన్ని అడిగితే ఆయనా ఏమీ చెప్పడు.

ఆ వేసవి మొదట్లో వాడికి మిగిలిన చూపు తాళంచెవి కన్నమంత. మనిషి ఎదురుగా నిలబడితే ముక్కు కనపడితే చెవులు కనపడవు, చెవులు చూద్దామంటే ముక్కు మాయం. తల అటూ ఇటూ తిప్పుతూ లోకాన్ని ముక్కలు ముక్కలుగా ఏరుకునేవాడు. "గోడకి చిల్లి పెట్టుకుని పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టుందన్నయ్యా. పక్కింటాయన చూసేశాడు. రోజూ కాస్త కాస్త మట్టి పెట్టి పూడ్చేస్తున్నాడు," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

ఆసుపత్రి బయట బస్సు కోసం నిలబడి ఉండగా, "అన్నయ్యా, ఆ పోటీకి పేరిద్దాం," అన్నాడు.

"ఏ పోటీ?"

"పోయినేడు మనం గుడారాలు కుట్టిచ్చామే, అది. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకేరోజు."

"పిచ్చా నీకు?"

"పిచ్చి కాదు. తొందర."

మాది టార్పాలిన్లు, గుడారాలు, కారు కవర్లు కుట్టే షాపు. నేను కొలిచి కత్తిరిస్తాను, వాడు కుడతాడు. కిందటేడాది ఆ పోటీవాళ్ళకి బట్టలు మార్చుకునే గుడారాలు కుట్టిచ్చి, అప్పజెప్పడానికి ఇద్దరం వెళ్ళాం. అక్కడ పరుగు ముగిసే గీత దగ్గర పెద్ద కమాను ఒకటి నిలబెట్టారు. కర్రల్లేవు, ఇనపకమ్ముల్లేవు, ఉత్త గుడ్డ. పక్కన ఒక మోటారు గాలి ఊదుతుంటే, ఎర్రటి ఏనుగు తొండంలా పైకి లేచి, రోడ్డుకి అటో కాలూ ఇటో కాలూ వేసుకుని నిలబడింది. గుడారాలు అప్పజెప్పి వచ్చేయాల్సినవాడు అక్కడే ఆగిపోయాడు. కమాను కాలిని రెండు వేళ్ళతో నలిపి చూసి, "రెండువైపులా పూత. జంట కుట్టు. ఎవరు కుట్టారోగానీ చెయ్యి తిరిగినవాళ్ళు," అన్నాడు. జనమంతా కిందనుంచి పరిగెత్తుకొచ్చే మనుషుల్ని చూసి చప్పట్లు కొడుతుంటే, వీడొక్కడూ పైనున్న గుడ్డని చూస్తూ నిలబడ్డాడు.

"దాని కిందనుంచి ఒక్కసారి వెళ్ళాలన్నయ్యా. తలెత్తి చూసుకుంటూ వెళ్ళాలి. చూపున్నప్పుడే," అన్నాడు బస్సెక్కాక. కిటికీ పక్క సీటు నేను వాడికిచ్చాను. వాడు బయటికి చూడలేదు.

*

ఇంట్లో ఆ మాట చెప్పగానే మా మరదలు కడుగుతున్న గిన్నె కడుగుతున్నట్టే వదిలేసింది. ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది. కోపమొస్తే మాత్రల పేర్లు చదివినంత స్పష్టంగా మాట్లాడుతుంది.

"ఉన్న కాసిని రోజుల చూపూ ఇంట్లోవాళ్ళకివ్వచ్చుగా? పిల్ల మొహం చూసుకోవచ్చు. నా మొహం చూడొచ్చు. రోడ్డుకీ నీళ్ళకీ ఇస్తారట, వినండక్కా!"

"నీ మొహం నాకు కంఠతా వచ్చుగా," అన్నాడు తమ్ముడు.

"అందుకని ఇక చూడక్కర్లేదన్నమాట."

నా భార్య నవ్వబోయి ఆపుకుంది. మరదలు నా వైపు తిరిగింది. "తోడు మీరు వెళ్తారా బావగారూ? మేడమెట్లెక్కితే మధ్యలో కూర్చుంటారు మీరు."

అది నిజమే. నాకు వాడి కంటే తొమ్మిదేళ్ళు ఎక్కువ, పొట్ట కూడా ఎక్కువ. చిన్నప్పుడు ఈతలో వాడు చేపలా ఉండేవాడు, నేను ఒడ్డున బట్టలు కాపలా కాసేవాణ్ణి. కానీ వాడు వేరే ఎవర్ని తెచ్చుకుంటాడు? కొత్త మనిషితో తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగడమంటే చిన్న సంగతి కాదు.

మాటలు చాలాసేపు సాగాయి. ఆఖరికి మరదలే గిన్నె బోర్లించి, చెయ్యి తుడుచుకుని, "సరే. ఒక్క షరతు," అంది. "ఆ కాస్త చూపూ ఉన్నన్నాళ్ళే ఇది. మొత్తం పోయిన రోజున ఆపేయాలి. చీకట్లో నీళ్ళలోకి దిగే మొగుడు నాకొద్దు. ఒట్టెయ్యండి."

"ఒట్టు," అన్నాడు తమ్ముడు.

నేను రోజూ తెల్లారగానే దేవుడి ముందు కాసేపు నిలబడతాను. చదువు తక్కువవాణ్ణి, పెద్ద పెద్ద ప్రార్థనలు నాకు రావు. వాడి కళ్ళు తిరిగి ఇమ్మని అడగలేదు. డాక్టరు కాదన్నదాన్ని అడగడం మర్యాద కాదనిపించింది. పోటీ రోజు సాయంత్రం దాకా ఆ చిల్లిని పూడ్చకుండా వదిలెయ్యమన్నాను, అంతే. చిన్న కోరికైతే తీరే వీలెక్కువని నా ఊహ. పెద్ద పని చేతిలో ఉన్నప్పుడు మేం కూడా చిన్న సంచుల పని పక్కన పడేస్తామన్న సంగతి అప్పుడు తట్టలేదు.

*

చూపు సరిగా లేనివాళ్ళకి తోడెళ్ళే మనిషికి పోటీవాళ్ళు కొన్ని నియమాలు పెట్టారు. ఇద్దరూ తాడుతో కట్టుకుని ఉండాలి. తోడువాడు దారి చెప్పొచ్చు గానీ లాగకూడదు. మధ్యలో మనిషిని మార్చకూడదు. ఆఖరి గీతని పోటీ చేసేవాడే ముందు దాటాలి, తోడువాడు ఒక్క అడుగైనా వెనకుండాలి. సాయంత్రం ఆరుగంటలకి కమాను దించేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చినట్టు లెక్క కాదు.

తాడు వాడే కుట్టాడు, షాపులో మిగిలిన సంచిపట్టీ ముక్కతో. ఒక కొస వాడి తొడకి, ఒక కొస నా తొడకి. పరుగులో ఐతే అదే విప్పి చేతులకి. "జంట కుట్టేశాను. నువ్వు మునిగితే నేనూ రావాల్సిందే," అన్నాడు.

ఆ వేసవంతా పొద్దున ఈతకొలనులో దేవుడు పెట్టిన ఊపిరి ఆయనకే ఇచ్చేస్తానేమో అన్నంత పనైంది నాకు. తమ్ముడు మెల్లగా, తొందరేమీ లేనట్టు చేతులేసేవాడు. నేను పక్కన బాతులా కొట్టుకునేవాణ్ణి. సైకిలు సంగతి చూసింది మా వీధిలోని వెల్డింగు అతను. అతణ్ణి అందరూ మెరుపని పిలుస్తారు. రెండు పాత సైకిళ్ళు కోసి ఒకటిగా అతికించి, రెండు సీట్లూ రెండు జతల పెడళ్ళూ పెట్టి, మా ఇద్దర్నీ ఎక్కించి ఒకసారి చూసుకున్నాడు.

"ముందోడికి ఊపిరి లేదు, వెనకోడికి చూపు లేదు. బండి మాత్రం భేషుగ్గా ఉంది," అన్నాడు.

"బండికి నోరు లేకపోవడం ఇంకా నయం," అన్నాడు తమ్ముడు వెనక సీట్లోంచి.

ఎండలు ముదిరాయి. నా పొట్ట కొంచెం తగ్గింది. సాయంత్రాలు షాపు మూశాక ఊరిచివర రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళం. "గుంట," "రాయి," "ఎడమకి," అని నేను చెబుతుంటే మొదట్లో "కనపడుతోందిలే," అని విసుక్కునేవాడు. తర్వాత తర్వాత విసుక్కోవడం మానేశాడు. వాడికి నా మాట మీద గురి కుదిరిందని సంతోషించాను.

*

ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడు కారు కవరొకటి కుట్టి బల్ల మీద పెట్టాడు. "అయిపోయిందన్నయ్యా, చూడు," అన్నాడు.

బూడిదరంగు గుడ్డ. దాని మీద నిలువునా, అడ్డంగా, చుట్టూ అంచుల వెంబడి ఎర్రదారం. గీత గీసినట్టుంది కుట్టు, ఎక్కడా వెంట్రుకవాసి పక్కకి పోలేదు.

నేను గోడ వైపు చూశాను. దారపు రీళ్ళ పెట్టె. ఆ పొద్దున బూజు దులుపుతూ దాన్ని దించి, మళ్ళీ పెట్టేటప్పుడు తిరగేసి పెట్టాను. బూడిదరంగు ఉండే గడిలోకి ఎరుపొచ్చింది. వాడు చెయ్యి అలవాటుకొద్దీ ఆ గడిలోకే పోనిచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నాడు వాడు, మొహం సరిగ్గా నా వైపే పెట్టి.

"బాగుంది," అన్నాను.

వాడు టీ తాగడానికి వెళ్ళాక షాపు తలుపు దగ్గరికేసి, బ్లేడు తీసుకుని కూర్చున్నాను. సగం కుట్లు కూడా విప్పలేదు, మరదలు భోజనం క్యారేజీ పట్టుకుని లోపలికొచ్చింది. నేల మీద ఎర్రటి పోగులు. నా ఒళ్ళో బూడిదరంగు గుడ్డ. క్యారేజీ కింద పెట్టి, వంగి ఒక పోగు తీసి వేలికి చుట్టుకుంది.

"ఎర్రదారం ఎవరడిగారు బావగారూ?"

నేను ఇంకో కుట్టు తెంపాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, కత్తెర తీసుకుని, రెండో చివర్నుంచి తనూ విప్పడం మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"బడికి సెలవులిచ్చినప్పట్నుంచి. నాకు తెలిసి." కుట్టు మీంచి చూపు తిప్పలేదు. "పాప జుట్టు కత్తిరించుకొచ్చింది, మెడ దాకా. ఏమంటారో అని రెండ్రోజులు చూశాం. ఏమీ అనలేదు. మూడోరోజు పొద్దున, 'జడ గట్టిగా వేసుకో తల్లీ, వదులుగా ఉంది,' అన్నారు."

"పాపేమంది?"

"'అలాగే నాన్నా,' అంది. లోపలికొచ్చి నా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది."

బయట ఏదో లారీ వెళ్ళింది. రేకుల కప్పు కాసేపు అదిరింది.

"మరి షరతు?"

"షరతు పెట్టింది నేనే కదా. అడిగితే ఆయన చెప్పాలి. చెబితే ఆపాలి. అందుకని అడగలేదు." కత్తెర ఒక్క క్షణం ఆగింది. "మీరూ అడక్కండి."

"అబద్ధం కదమ్మా ఇది?"

"ఎవరూ ఏమీ అనకపోతే అబద్ధం ఎలా అవుతుంది?"

మర్నాడు తెల్లారి ఈ ప్రశ్నే దేవుడి ముందు పెట్టాను. ఆయన కూడా మా మరదలి పద్ధతే పాటించాడు, ఏమీ అనలేదు. ఇచ్చినదాన్ని తీసుకోవడం ఆయన ఇష్టం, కాదనను. కానీ నేను అడిగింది ఎంత? ఒక వేసవి. అందులోనూ సగం అప్పటికే గడిచిపోయింది. అడిగినవాడి మొహం చూసైనా ఇంకో నెల ఆగి ఉండకూడదా అనిపించింది. అనిపించినందుకు లెంపలేసుకున్నాను. మళ్ళీ అనిపించింది.

కవరుకి బూడిదరంగు దారంతో నేనే మళ్ళీ కుట్టేశాను. నా చేతి కుట్టు ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండ్రోజుల తర్వాత కారాయన వచ్చి, కవరు విప్పి చూసుకుని, "ఏమయ్యా, ఈసారి కుట్టు పాము పాకినట్టుందేంటి?" అని వాడినే అడిగాడు.

తమ్ముడు చెయ్యి చాపి కుట్టు వెంబడి వేళ్ళు పోనిచ్చాడు. ఒక మూల దాకా వెళ్ళి ఆగాడు. నేను కత్తిరిస్తున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను.

"ఆరోజు చెయ్యి నొప్పండి," అన్నాడు వాడు. "డబ్బులు కాస్త తగ్గించివ్వండి."

ఆయన వెళ్ళాక మేమిద్దరం పనిలో పడ్డాం. పగలంతా వాడు మామూలు కంటే కాస్త ఎక్కువే మాట్లాడాడు, అంతకు మించి తేడా లేదు. సాయంత్రం పరుగుకి వెళ్ళేటప్పుడు తాడు నా చేతికి వాడే కట్టాడు. ముడి గట్టిగా బిగించి, దాని మీద ఒకసారి తట్టాడు.

*

పోటీ రోజు తెల్లారి దేవుడి ముందు నిలబడితే అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా అలవాటు కొద్దీ నిలబడ్డాను. నా కాళ్ళ సంగతి అడగడం మర్చిపోయాను.

రిజర్వాయరు ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. రబ్బరు టోపీలు, మెడల్లో ఈలలు, మైకులో అరుపులు. కాస్త దూరంగా, పరుగు ముగిసేచోట కమాను అప్పుడే నిలబెడుతున్నారు. ఈసారి కొత్తది తెచ్చారు. నీలంరంగు. మోటారు గాలి ఊదే చప్పుడు తమ్ముడు విన్నాడు.

"లేస్తోందా?" అన్నాడు.

"లేస్తోంది."

"కనపడుతోందిలే," అన్నాడు, అటు పక్కకి తల తిప్పి. ఇంచుమించు సరిగ్గానే తిప్పాడు. మరదలు వాడి టోపీ సర్దింది. సర్దాల్సినంత చెదిరి లేదు.

నీళ్ళలోకి దిగాక కాసేపు ఎవరు ఎవరో తెలియలేదు. మడమలు, మోచేతులు, నురగ. అందరూ ఒకరినొకరు తడుముకుంటూ ఈదుతున్నారు, ఆ కాసేపూ తమ్ముడికీ మిగతావాళ్ళకీ తేడా లేదు. ఎవరిదో కాలు నా మొహం మీద తగిలి ఈత కళ్ళద్దాలు ఊడిపోయాయి. నీళ్ళు మింగాను. తాడు గుంజుకోగానే వాడు ఈత ఆపి, నా దగ్గరికొచ్చి, చంక కింద చెయ్యి వేసి నన్ను పైకెత్తి పట్టుకున్నాడు.

"దగ్గు. దగ్గేసెయ్. తొందరేం లేదు."

"వెనకబడతాంరా."

"బట్టలు కాపలా కాసేవాణ్ణి తెచ్చుకుంటే ఇంతే మరి," అన్నాడు.

సైకిలు మీద కొంత నయం. రోడ్డు నల్లగా మెరుస్తోంది, వేడిగాలి మొహానికి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతోంది. వెనకనుంచి వాడు తొక్కే బలం నా పాదాల కింద తెలుస్తోంది. ఒక ఎత్తు దగ్గర గొలుసు ఊడింది. వాడు దిగి, వేళ్ళతో తడిమి పళ్ళ మీదికి ఎక్కించాడు. నేను ఎండలో నిలబడి రొప్పుతున్నాను. మమ్మల్ని దాటుకుని వెళ్ళేవాళ్ళ సైకిళ్ళు కీచుకీచుమంటూ వెళ్ళిపోతున్నాయి. తర్వాత ఆ చప్పుడు కూడా పల్చబడింది.

పరుగు మొదలుపెట్టిన కాసేపటికి నా కుడి పిక్క పట్టేసింది. రాయి కట్టినట్టయింది. పరిగెత్తడం పోయి నడకైంది, నడక కూడా కుంటినడకైంది. తమ్ముడు కూర్చోబెట్టి పిక్క నలిపాడు. లేచాను. మళ్ళీ పట్టేసింది.

"నువ్వు వెళ్ళు. ఎవరైనా తోడొస్తారేమో అడుగుతాను," అన్నాను.

"మనిషిని మార్చకూడదుగా."

"మార్చకూడదులే. అయినా..."

"లే అన్నయ్యా."

నా చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. నేను "ఎడమకి," "తిన్నగా," అంటుంటే వాడు నన్ను మోసుకుంటూ నడిచాడు. తోడువాడు లాగకూడదన్నారు గానీ తోడువాణ్ణి లాక్కెళ్ళకూడదని ఎక్కడా అనలేదు. వాడి చెమట, నా చెమట కలిసిపోయాయి. వాడి మెడ మీద నరం కొట్టుకోవడం నా మణికట్టుకి తెలుస్తోంది. దారిలో నీళ్ళిచ్చే బల్లలు ముడిచి గోడకి ఆనించేశారు. ఖాళీ గ్లాసులు గాలికి రోడ్డంతా దొర్లుతున్నాయి. ఎండ పసుపుపచ్చగా అయింది.

"చప్పట్లు తగ్గాయేం?" అన్నాడు.

"ఎండకి జనం నీడకెళ్ళుంటారు."

"సాయంత్రం కూడా ఎండేనా?"

వెనకనుంచి మోటారు సైకిలొకటి వచ్చి మా పక్కన నెమ్మదించింది. పోటీవాళ్ళ చొక్కా వేసుకున్న కుర్రవాడు. చేతి గడియారం చూపించి, ఆరు దాటిందన్నట్టు తల అడ్డంగా ఊపి, నోరు తెరవబోయాడు. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. వాడు నన్ను చూశాడు, తమ్ముడి నల్లద్దాలు చూశాడు, మా ఇద్దరి చేతులకీ ఉన్న తాడు చూశాడు. నోరు మూసుకుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఎవరన్నయ్యా?"

"నీళ్ళు కావాలా అని."

"మరి ఇవ్వలేదేం?"

"వద్దన్నాను."

"నాకు దాహమేస్తోంది," అన్నాడు వాడు.

ఆఖరి మలుపు తిరిగేసరికి పొద్దు వాలింది. రోడ్డు ఖాళీ. కమాను లేదు. అది ఉండాల్సిన చోట నీలంగుడ్డ రోడ్డుకి అడ్డంగా నేల మీద పరుచుకుని ఉంది, గాలి పోయి, ముడతలు ముడతలుగా. గాలి ఊదే మోటారు అప్పటికే లారీ ఎక్కేసింది. ఇద్దరు పనివాళ్ళు గుడ్డ చుట్టడానికి వంగి ఉన్నారు. వాళ్ళకి అడ్డంగా, గుడ్డ అంచు తొక్కిపెట్టి, మా మరదలు నిలబడి ఉంది. పక్కన నా భార్య, పాప.

"రెండే రెండు నిమిషాలు బాబూ. చుట్టకండి. అదిగో, వచ్చేశారు," అంటోంది మరదలు. గాలి మళ్ళీ ఊదమని అప్పటికే అడిగి చూసిందట, కుదరదన్నారట. గుడ్డనైతే ఆపగలిగింది.

నేను తమ్ముడి భుజం మీంచి చెయ్యి తీసేశాను. కుంటుతూ ఒక అడుగు వెనక్కి జరిగాను. చూసేవాళ్ళెవరూ లేరు, అయినా నియమం నియమమే.

"ముందుందిరా. తిన్నగా వెళ్ళు. నువ్వే ముందు," అన్నాను.

"నిలబడి ఉందా?"

ఆ ప్రశ్న వాడు అలా ఎందుకడిగాడో అప్పుడు నేను ఆలోచించలేదు. "ఉంది. చాలా ఎత్తుగా ఉంది," అన్నాను.

వాడు నడుము నిటారుగా పెట్టి పరిగెత్తాడు. మరదలు గట్టిగా చప్పట్లు మొదలుపెట్టింది, నా భార్యా పాపా అందుకున్నారు. పనివాళ్ళలో ఒకతను గుడ్డ వదిలేసి తనూ కొట్టాడు. అంత ఖాళీలో ఆ నాలుగు జతల చేతుల చప్పుడు ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు వినపడింది.

తమ్ముడి పాదం గుడ్డ మీద పడింది. వేగం తగ్గింది. బూటుకాలు ఒకసారి గుడ్డ మీద రాసుకుంటూ ముందుకెళ్ళింది. అడుగున మిగిలిన గాలి ఎక్కడో బుస్సుమంది.

"కిందేంటన్నయ్యా ఇది?"

"తివాచీ. గెలిచినవాళ్ళకి పరుస్తారు."

"అబ్బో."

రెండోవైపు దాటాక ఆగాడు. నల్లద్దాలు తీసి నుదుటి మీద పెట్టుకుని, తలెత్తి, ఏమీ లేని ఆకాశాన్ని చాలాసేపు చూశాడు.

"చూశానన్నయ్యా," అన్నాడు. "ఎర్రగా, ఎంత పెద్దగా ఉందో."

మరదలు అటు తిరిగిపోయింది. పాప వెళ్ళి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని, "అవును నాన్నా, చాలా పెద్దగా ఉంది," అంది.

*

వానలు వచ్చాయి. డాక్టరు చెప్పిన సీజను ఏదో, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో ఎవరం లెక్కపెట్టలేదు. జంట సైకిలు మేడ మీద రేకు కింద తుప్పు పడుతోంది. పాప బొమ్మలు గీసి చూపించడం మానేసి, ఏం గీసిందో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. మరదలు పనిలోంచి వచ్చి, వాడు భోజనం చేస్తున్నంతసేపూ వాడి మొహం చూస్తూ కూర్చుంటుంది. ఒకసారి నా భార్య, "అలా చూడకే, దిష్టి తగులుతుంది," అంటే, "ఆయన వంతూ నేనే చూడాలిగా అక్కా," అంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

నేను తెల్లారి లేచి దేవుడి ముందు నిలబడటం మానలేదు. అడగడం మాత్రం తగ్గింది. ఇద్దరం ఒకరినొకరు కాసేపు చూసుకుని ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోతాం.

షాపులో రీళ్ళ పెట్టె నేను మళ్ళీ కదపలేదు. వాడు కుడుతూనే ఉన్నాడు. అసలు మునుపటి కంటే తిన్నగా కుడుతున్నాడు. ఒక మధ్యాహ్నం వాన జోరుగా పడుతోంది, రేకుల మీద చప్పుడికి మాటలు వినపడటం లేదు. వాడు లారీ టార్పాలిన్ అంచు కుడుతున్నాడు. వాన కాస్త తెరిపిచ్చాక మిషను ఆపి, గుడ్డ మడత వేళ్ళతో సరిచేసుకుంటూ అన్నాడు.

"ఈసారి వాళ్ళు మోసపోయారన్నయ్యా."

"ఎవరు?"

"పోటీవాళ్ళు. పోయినేడాదిది రెండువైపులా పూత, జంట కుట్టు. ఇది పల్చటి గుడ్డ, పూత ఒకవైపే. కుట్టు కూడా ఒంటికుట్టు. బూటు కింద అతుకు అతుకూ తెలిసింది. ఇంకో ఏడు గాలి ఊదితే ఆ నడుం దగ్గర చీలిపోతుంది, చూస్తూ ఉండు."

నా చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. వాడు నా వైపు తిరగలేదు. సూదిలో దారం సరిచూసుకుంటున్నాడు, కొస నాలికతో తడిపి, వేలితో నొక్కి.

"మనకిచ్చి ఉంటే బాగా కుట్టేవాళ్ళం," అన్నాను.

"మనకెందుకిస్తారు," అన్నాడు వాడు. కాలు పలక మీద పెట్టి, తొక్కబోయి, ఆగాడు.

"అవునూ, అది ఏ రంగన్నయ్యా?"

వాన మళ్ళీ అందుకుంది. వాడికి వినపడేంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"నీలం."

"ఎరుపనుకున్నా," అన్నాడు తమ్ముడు. మిషను తొక్కాడు.